హామర్ మెషీన్, యాంకర్ బోల్టులు: ఉప్పుగాలి ఊళ్లలో వాడి చెబుతున్న రివ్యూ

కొత్తగా వెల్డింగ్ షాపు పెట్టుకునే కుర్రాళ్లు నన్ను అడిగే మొదటి మాట ఒకటే: "బాబాయ్, ఏ డ్రిల్లు మెషీన్ కొనమంటారు?" నేను వెంటనే మెషీన్ పేరు చెప్పను. ఏ గోడకి బిగిస్తున్నావు, ఆ గోడ సముద్రానికి ఎంత దూరం, ఆ ఇనుము మీద ఎంత బరువు పడుతుంది అని అడుగుతాను. ఈ మూడూ తెలిస్తే బోల్టు ఏదో తేలిపోతుంది. బోల్టు తేలితే బెజ్జం సైజు తెలుస్తుంది, దాన్ని బట్టి మెషీన్. మా దగ్గర చాలామంది దీన్ని తిరగేసి చేస్తున్నారు. మెషీన్ మీద పదివేలు పెట్టి, బోల్టు దగ్గర పది రూపాయలకు బేరమాడుతున్నారు. ఆ పది రూపాయల దగ్గరే రైలింగ్ ఊడుతుంది.

మాది రాజోలు. గ్రిల్స్, రైలింగులు, గేట్లు, రేకుల షెడ్లు, డాబాల మీద సోలార్ స్టాండ్లు చేస్తాం. మలికిపురం, సఖినేటిపల్లి, అంతర్వేది వైపు పని ఎక్కువ. గోదావరి మీద పంటు (బల్లకట్టు) దాటి నర్సాపురం కూడా వెళ్తాం. మేం రోజూ వాడే హామర్ మెషీన్, దాని బిట్లు, కాంక్రీట్లో బిగించే నాలుగైదు రకాల బోల్టులు ఎలా ఉన్నాయో ఇక్కడ రాస్తున్నాను.

మెషీన్ సంగతి ముందు చెప్పేస్తాను. ఇళ్లలో ఉండే మామూలు ఇంపాక్ట్ డ్రిల్లులో రెండు పళ్ల చక్రాలు ఒకదానిమీద ఒకటి ఎగిరెగిరి తగులుతూ దెబ్బ పుట్టిస్తాయి. మనిషి ఎంత గట్టిగా నొక్కితే దెబ్బ అంత. ఇటుక గోడకి 6, 8 ఎం.ఎం. ప్లగ్గు బెజ్జాలకు అది సరిపోతుంది. ఫోటో ఫ్రేములకీ, కర్టెన్ రాడ్లకీ అంతకంటే అక్కర్లేదు. అదే మెషీన్‌తో కంకర బాగా పడిన బీములో 12 ఎం.ఎం. బెజ్జం కొట్టాలంటే భుజాలు పోతాయి. బిట్టు ఎర్రగా కాలుతుంది తప్ప లోపలికి దిగదు. కంకర రాయి తగిలినచోట బిట్టు పక్కకు జారి బెజ్జం వంకర పోతుంది, వెడల్పు అవుతుంది. వెడల్పయిన బెజ్జంలో ఎంత మంచి యాంకర్ బోల్టు పెట్టినా పట్టు ఉండదు.

మేం హామర్ మెషీన్ అనే రోటరీ హామర్ పనిచేసే తీరే వేరు. లోపల ఒక పిస్టన్ గాలిని నొక్కుతుంది, ఆ గాలి ఒత్తిడికి చిన్న సుత్తి వెళ్లి బిట్టు వెనక కొడుతుంది. దెబ్బ మెషీన్‌దే, మన పని దాన్ని నిటారుగా పట్టుకోవడమే. మా షాపులో ఉన్నది బాష్ జీబీహెచ్ 2-26. దెబ్బ శక్తి 2.7 జౌల్స్. కాంక్రీట్లో 26 ఎం.ఎం. వరకు కొడుతుందని కంపెనీ చెబుతుంది. కానీ దాని అసలు సుఖం 8 నుంచి 16 మధ్యలోనే. మా పనికి కావలసినవి సరిగ్గా ఆ మధ్యలోనే ఉన్నాయి: 10, 12, 14. ధర పదివేల రూపాయల చుట్టూ తిరుగుతుంది. రైలింగులూ, షెడ్లూ చేసేవాళ్లకి ఇంతకంటే పెద్దది అక్కర్లేదు. ఇంకా చిన్నది కావాలంటే 2 జౌల్స్‌ది, జీబీహెచ్ 220, తక్కువ ధరకే వస్తుంది. గ్రిల్స్ పని మాత్రమే చేసుకునేవాళ్లకి అది చాలు.

బిట్టు పట్టే పద్ధతి ఎస్.డి.ఎస్. ప్లస్. బాష్, హిల్టీ కలిసి 1975లో తెచ్చిన పద్ధతి అది. బిట్టు కాడ 10 ఎం.ఎం. ఉంటుంది, దాని మీద గాళ్లు ఉంటాయి. నెట్టి వదిలితే టక్కున పడుతుంది, తాళం చెవితో తిప్పి బిగించే పని లేదు. బిట్టు ముందుకీ వెనక్కీ కాస్త ఆడుతుంది, అలా ఆడడానికే చేశారు. ఆ కాడకి అప్పుడప్పుడు కొద్దిగా గ్రీజు రాయండి, కాడా చక్కూ రెండూ ఎక్కువ కాలం వస్తాయి. మామూలు గుండ్రటి బిట్లు పట్టే చక్ అడాప్టర్ పెట్టి దీంతోనే ఇనుప ప్లేట్లకు కూడా బెజ్జాలు కొట్టేద్దామని చూస్తారు కొందరు. అడాప్టర్ వణుకుతుంది, ప్లేటులో బెజ్జం కోడిగుడ్డు ఆకారంలో వస్తుంది. ప్లేట్లకు మామూలు డ్రిల్లు వేరే ఉంచుకోండి.

నాకు దీంట్లో బాగా నచ్చింది సేఫ్టీ క్లచ్. బీములో ఊచ తగిలి బిట్టు పట్టేస్తే మెషీన్ మనిషిని తిప్పెయ్యకుండా క్లచ్ జారుతుంది. నిచ్చెన మీద రెండో అంతస్తు దగ్గర నిలబడి కొట్టే కుర్రాడికి అది ప్రాణం లెక్క. క్లచ్ లేని చవక మెషీన్ ఎంత బలంగా ఉన్నా మా కుర్రాళ్ల చేతికివ్వను.

రొయ్యల చెరువుల గట్ల మీద పని పడితే 18 వోల్టుల బ్యాటరీ హామర్ హాయి. కరెంటు స్తంభం ఎక్కడో ఉంటుంది, అక్కడి నుంచి సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు లాక్కొస్తే చివరికొచ్చేసరికి వోల్టేజీ పడిపోతుంది, మోటారు వేడెక్కుతుంది. బ్యాటరీది ఎత్తి తెచ్చుకోలేకపోతే వైరన్నా లావుది కొనండి. మెషీన్ గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు. పేరున్న కంపెనీల రోటరీ హామర్లు దాదాపు అన్నీ ఈ పని చేస్తాయి.

బిట్ల దగ్గర మాత్రం ఆగాలి. ఇరవై బెజ్జాలకే అరిగిపోయే బిట్లు బజార్లో గుట్టలుగా ఉన్నాయి. బిట్టు కొన మీద కార్బైడ్ ముక్క అరిగితే బెజ్జం సన్నబడుతుంది. 10 ఎం.ఎం. బోల్టు దాంట్లోకి దిగదు. అప్పుడు మనవాళ్లు సుత్తితో బాదుతారు, బోల్టు మర చెడుతుంది, నట్టు ఎక్కదు. కొన సరిగ్గా మధ్యలో అతకని బిట్టు దీనికి ఎదురు. అది వణుకుతూ బెజ్జాన్ని వెడల్పు చేస్తుంది, బోల్టు అందులో తిరుగుతూనే ఉంటుంది. అందుకే బిట్టు మీద పీజీఎం గుర్తు ఉందో లేదో చూసి కొంటాను. బిట్టు సైజు కచ్చితంగా ఉందని జర్మనీలో పరీక్షించి ఇచ్చే గుర్తు అది. ఊచలు దగ్గరగా కట్టిన బీములకు, కాలమ్‌లకు నాలుగు అంచుల బిట్టు తీసుకోండి. రెండంచుల బిట్టు ఊచ అంచున ఇరుక్కుని ఆగుతుంది, నాలుగంచులది తక్కువ ఇరుకుతుంది, బెజ్జం కూడా గుండ్రంగా వస్తుంది. ధర ఎక్కువే. అయినా మా షాపులో 10, 12, 14 మూడు సైజుల్లోనూ నాలుగంచులవే పెట్టాం.

ఇక గోడ. అసలు పని ఇక్కడే.

మన ఇళ్లలో గోడ పైకి ఒకేలా కనిపిస్తుంది. సున్నం, పుట్టీ, పెయింటు అన్నీ కప్పేస్తాయి. లోపల ఉన్నది మూడు రకాలు: కాలమో బీమో స్లాబో ఆర్.సి.సి. (ఊచలు వేసి పోసిన కాంక్రీటు), కాలిన మట్టి ఇటుక, ఈమధ్య వస్తున్న తేలిక సిమెంటు బ్లాకు. వేలితో తట్టి కొంత తెలుసుకోవచ్చు కానీ నమ్మకం కోసం సన్నటి బిట్టుతో చిన్న బెజ్జం కొట్టి పొడి రంగు చూస్తాం. బూడిద రంగు గట్టి పొడి వస్తే కాంక్రీటు. ఎర్రగా వస్తే ఇటుక. తెల్లగా, మెత్తగా, నొక్కకుండానే బిట్టు దిగిపోతే తేలిక బ్లాకు. పాత ఇళ్లయితే ఇటుకల మధ్య సున్నం ఉంటుంది, అక్కడ బోల్టుకి పట్టు అనేదే ఉండదు.

కాంక్రీటే అని తేలాక కూడా పైన ప్లాస్టరింగ్ ఎంత మందం ఉందో చూడాలి. మా ఊళ్లలో గోడ వంపు సరిచేయడానికి తాపీ మేస్త్రులు ఒక్కోచోట అంగుళం పైనే పూస్తారు. బోల్టు మూడంగుళాలు లోపలికి వెళ్లిందని మురిసిపోతాం కానీ అందులో అంగుళం ప్లాస్టరింగే. బోల్టు బలం లోపలి కాంక్రీట్లో ఎంత దిగిందన్న దాన్ని బట్టే ఉంటుంది. అందుకే బెజ్జం కొట్టేటప్పుడు పొడి రంగు ఎప్పుడు మారిందో గమనిస్తాం. అక్కడి నుంచి లెక్క పెడతాం.

ఊచల సంగతి కూడా. కాంక్రీటు కట్టడాలకి మన దేశపు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కాలమ్‌లో ఊచల మీద కనీసం 40 ఎం.ఎం. కాంక్రీటు కవర్ ఉండాలి. ఉప్పుగాలి ఉన్నచోట ఇంకా ఎక్కువ ఉండాలి. చాలా ఇళ్లలో అంత ఉండదు. ఊచ తగిలితే దాన్ని కోసి ముందుకు పోవద్దు. బెజ్జం పక్కకు జరుపుకోండి, వదిలేసిన బెజ్జాన్ని గట్టి గ్రౌటుతో (సిమెంటు పూరకంతో) నింపండి. బేస్ ప్లేటులో బెజ్జాలు ముందే కొట్టి తెచ్చుకుని, అక్కడ ఊచ తగిలిందని ఊచనే తినేసేవాళ్లని చూశాను. ఇంటివాళ్ల కాలమ్ బలాన్ని మన రైలింగ్ కోసం తీసెయ్యడానికి మనకి హక్కు లేదు. మేం ప్లేటులో బెజ్జాలు కాస్త పొడుగ్గా కోస్తాం, పైన మందపాటి చదరపు వాషర్ వేస్తాం.

ఇప్పుడు బోల్టులు.

ప్లాస్టిక్ ప్లగ్గు, స్క్రూ: ఇటుకకి, తేలికపాటి వస్తువులకి. రైలింగుకి వాడకండి, అంతే.

స్లీవ్ యాంకర్: బోల్టు చుట్టూ చీలికలున్న గొట్టం ఉంటుంది, నట్టు బిగిస్తే గొట్టం విచ్చుకుంటుంది. మా ఊరి హార్డ్‌వేర్ షాపుల్లో యాంకర్ ఫాస్టెనర్ అని అడిగితే చేతికొచ్చేది ఇదే. దీనికి బెజ్జం సైజు గొట్టం బయటి కొలత, బోల్టు కొలత కాదు. ఏసీ అవుట్‌డోర్ స్టాండుకి, షట్టర్ పట్టీలకి బాగుంటుంది. పేరు లేని రకాల్లో గొట్టం రేకు కాగితంలా పలచగా ఉంటోంది, పానా వేసి బిగిస్తుంటే ఎంతకీ బిగుసుకోదు. ఒక్కటి కొని, విప్పి, గొట్టం మందం చూసి అప్పుడు డబ్బా కొనండి.

వెడ్జ్ యాంకర్: స్టడ్ బోల్టు అంటాం. కిందికొనకి కోను ఆకారం, దాని చుట్టూ చిన్న క్లిప్పు. బోల్టు ఎంతో బెజ్జమూ అంతే: 10 ఎం.ఎం. బోల్టుకి 10 ఎం.ఎం. బెజ్జం. కాబట్టి బేస్ ప్లేటు పెట్టి, దాని బెజ్జం లోంచే కాంక్రీట్లోకి కొట్టి, బోల్టు దించి, బిగించెయ్యొచ్చు. గట్టి కాంక్రీట్లో, అంచులకి దూరంగా, షెడ్డు స్తంభాల కింద నాకు బాగా నచ్చిన బోల్టు ఇదే. హిల్టీ, ఫిషర్ లాంటి కంపెనీలవి కొంటే ప్యాకెట్ కాగితంలో లోతు, బిగింపు, అంచు దూరం అన్నీ రాసి ఉంటాయి. ఆ కాగితం కోసమే కొంటానంటే అబద్ధం కాదు. ఎంత బలం ఆపుతుందో లెక్క వేసుకోవడానికి ఆధారం అది. పేరు లేని బోల్టుకి ఆ లెక్క ఉండదు, షాపువాడి మాటే ఉంటుంది. బిగించడానికి టార్క్ రెంచి, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా, ఒకటి కొనుక్కోండి. 10 ఎం.ఎం. వెడ్జ్‌లు చాలావాటికి 45 న్యూటన్ మీటర్ల దగ్గర రాసి ఉంటుంది. పొడుగు పానా వేసి ఒంటి బలమంతా పెడితే బోల్టు బలపడదు, మెడ దగ్గర సాగుతుంది.

వెడ్జ్‌తో చిక్కు ఒకటుంది. అది కాంక్రీటుని పక్కలకి తోస్తూ నిలబడుతుంది. అంచు దగ్గర పెడితే ఆ తోపుడికి అంచే పగిలి ఊడిపోతుంది. బోల్టు పూర్తి బలం రావాలంటే అంచుకి దూరం లోతుకి ఒకటిన్నర రెట్లు, బోల్టుకీ బోల్టుకీ మధ్య మూడు రెట్లు ఉండాలి. 60 ఎం.ఎం. లోతు దింపితే అంచు నుంచి 90, పక్క బోల్టు నుంచి 180. ఇంతకంటే దగ్గరైతే బలం తగ్గించి లెక్కేసుకోవాలి. మరీ దగ్గరైతే ఆ బోల్టే వద్దు.

ఇది చదివాక మీ ఇంటి పిట్టగోడ దగ్గరికెళ్లి చూడండి. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, పైన కప్పుగా వేసే రెండు మూడు అంగుళాల కాంక్రీట్ పట్టీ, కోపింగ్ అంటాం. మధ్యలో పెట్టినా అంచుకి రెండంగుళాల చిల్లరే. కింద ఇటుక. డాబా మీద స్టీలు రైలింగ్ పెట్టమని అందరూ అడిగేది సరిగ్గా దీని మీదే. పిల్లలు ఆనుకునేదీ దీనికే.

లెక్క చూడండి. రైలింగ్ మీటరు ఎత్తు. పైన ఒక మనిషి ఒరిగి 50 కిలోల బలంతో బయటికి తోశాడనుకుందాం. కింద బేస్ ప్లేటు నాలుగంగుళాలది. లాగే బోల్టులకీ, ప్లేటు ఆనే అంచుకీ మధ్య దూరం 80 ఎం.ఎం. అనుకుంటే, పైన 50 కిలోలు కిందికొచ్చేసరికి 600 కిలోలు దాటుతుంది. లోపలి వైపున్న రెండు బోల్టులూ చెరో 300 కిలోలు పైకి లాగబడతాయి. ఇటుక మీద పలచటి కోపింగులో రెండంగుళాల స్లీవ్ బోల్టు దీన్ని ఆపదు. పండగకి ఇంటికొచ్చిన చుట్టాలందరూ డాబా మీద ఒకేచోట రైలింగుకి ఆనుకుని నిలబడితే ఆ 50 కిలోలు వంద అవుతాయి, రెండు వందలూ అవుతాయి. మలికిపురం వైపు ఒక ఇంట్లో కోపింగు పెళ్లతో సహా రైలింగ్ బయటికి వాలిపోయింది. దేవుడి దయ, కింద ఎవరూ లేరు. మమ్మల్ని పిలిచి చూపించినప్పుడు ఆ బోల్టులు చేత్తోనే బయటికొచ్చాయి.

అందుకే పిట్టగోడ మీద రైలింగ్ అడిగితే నేను పైనుంచి బిగించను. స్తంభాన్ని గోడ లోపలి పక్కన కిందికి దించి, స్లాబు అంచు బీముకి పక్క నుంచి బిగిస్తాను. పక్కన చోటు లేకపోతే, బీములోకి చేరేంత లోతుగా రాడ్డు దించి కెమికల్ యాంకర్ వేస్తాను. "అంత ఖర్చెందుకండీ, అందరూ పైనే బిగిస్తున్నారుగా" అంటారు. అందరి పిల్లలూ అక్కడే ఆడుకుంటారండీ అంటాను. దీని మీద పని పోయిన సందర్భాలున్నాయి. పోనీ.

కెమికల్ యాంకర్ గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మా వైపు దీన్ని జిగురు అనుకుని తేలిగ్గా తీసుకుంటున్నారు. ట్యూబులో రెండు మందులుంటాయి. పొడుగు ముక్కులో మెలికలు తిరిగి కలుస్తూ బయటికొస్తాయి. బెజ్జంలో నింపి, మరలున్న రాడ్డు తిప్పుతూ దింపితే గట్టిపడి రాడ్డుని కాంక్రీటుతో కలిపేస్తుంది. పక్కలకి తోపుడు లేదు కాబట్టి అంచు దగ్గర వెడ్జ్ కంటే మేలు. బెజ్జం రాడ్డు కంటే 2 ఎం.ఎం. పెద్దది: 10 రాడ్డుకి 12, 12 రాడ్డుకి 14. ఆ 10 ఎం.ఎం. రాడ్డుకి 16 బిట్టుతో కొట్టి, ఎక్కువ మందు పడితే ఎక్కువ బలం అనుకునేవాళ్లున్నారు. డబ్బు దండగ, బలమూ తక్కువే.

దీని బలమంతా బెజ్జం శుభ్రం చేయడంలో ఉంది. డ్రిల్లు కొట్టాక గోడల మీద సన్నటి సిమెంటు పొడి అతుక్కుని ఉంటుంది. మందు ఆ పొడికి అతుక్కుంటే కాంక్రీటుకి అతుక్కోనట్టే, రాడ్డు లాగితే పొడితో సహా వచ్చేస్తుంది. అడుగు నుంచి గాలి కొట్టాలి, ఆ బెజ్జం సైజుకి సరిపోయే తీగ బ్రష్షు పెట్టి తిప్పాలి, మళ్లీ గాలి. ఎన్నిసార్లన్నది ఒక్కో మందుకి ఒక్కోలా ప్యాకెట్ మీద ఉంటుంది, తగ్గించకండి. నోటితో ఊదితే ఉమ్మి తడి చేరుతుంది, పొడి బురదవుతుంది, కళ్లల్లో కూడా పడుతుంది. చేతి పంపు ఒకటి కొనుక్కోండి, పెద్ద ధర కాదు. నీళ్లు పోసి కడగడం కూడా వద్దు, కంపెనీ కడగమని రాస్తే తప్ప. బ్రష్షు లేకుండా వచ్చి "కెమికల్ వేస్తామండి" అనేవాళ్లని ఇంటివాళ్లు అక్కడే ఆపెయ్యాలి.

ట్యూబు తెరిచాక ముక్కులోంచి మొదట వచ్చే రెండు మూడు పట్లు బయట పారెయ్యాలి. రంగు ఒకే తీరుగా వచ్చేదాకా రెండు మందులూ సరిగ్గా కలవవు. నింపడం అడుగు నుంచి మొదలుపెట్టి, ముక్కు వెనక్కి తీసుకుంటూ మూడింట రెండు వంతులు నింపాలి. పైనుంచి నింపితే లోపల గాలి బుడగ ఉండిపోతుంది. రాడ్డు దించినప్పుడు కొంచెం మందు పైకి పొంగితేనే లోపల నిండినట్టు. ఆ తర్వాత దాన్ని ముట్టుకోవద్దు. మా ఎండలకి త్వరగానే గట్టిపడుతుంది కానీ త్వరగా అంటే చెయ్యి కడుక్కుని రావడం కాదు. ప్యాకెట్ పట్టికలో ఆ వేడికి ఎంతసేపు రాసి ఉందో అంతసేపు ఆగి నట్టు బిగించాలి. వెల్డింగ్ ముందే అయిపోవాలి. దించిన రాడ్డు మీద ఆర్క్ కొడితే ఆ వేడికి మందు పాడవుతుంది.

మందుల్లో రకాలున్నాయి. హిల్టీ హెచ్‌వై 200, ఫిషర్ ఎఫ్ఐఎస్ వి లాంటివి త్వరగా గట్టిపడతాయి, రైలింగ్ పనికి ఇవి బాగు. హిల్టీ ఆర్ఈ 500 లాంటి ఎపాక్సీ నెమ్మదిగా గట్టిపడుతుంది. లోతు బెజ్జాలకి, ఊచలు నాటడానికి అదే నా ఎంపిక, రాడ్డు సర్దుకోవడానికి టైమిస్తుంది. వానాకాలంలో మా కాంక్రీటు లోపల తడి ఆరనే ఆరదు. తడి బెజ్జంలో పనిచేస్తుందని కాగితంలో రాసి ఉన్న మందే అప్పుడు కొంటాను. చవక పాలియెస్టర్ రకాలు ఇటుక గోడకి, జల్లెడ గొట్టంతో కలిపి, గేటు కీలుకి వాడతాను. కాంక్రీట్లో బరువు పనికి వాడను.

ఇంకోటి, కాంక్రీట్ స్క్రూ. బెజ్జం కొట్టి నేరుగా స్క్రూలా తిప్పెయ్యడమే. మళ్లీ విప్పెయ్యొచ్చు. ఫ్లెక్సీ ఫ్రేములకి, తాత్కాలిక పందిళ్లకి హాయిగా ఉంది. మా వైపు షాపుల్లో ఇంకా అంతగా దొరకదు, తెప్పించుకోవాలి.

ఇక ఉప్పు. సముద్రానికి దూరంగా, మండపేటలోనో తణుకులోనో పనిచేసేవాళ్లు ఈ భాగం వదిలేసినా పర్వాలేదు. అంతర్వేది, ఓడలరేవు, మొగల్తూరు వైపువాళ్లు, రొయ్యల చెరువుల మధ్య ఇళ్లు కట్టుకున్నవాళ్లు మాత్రం చదవండి.

పసుపుగా, తెల్లగా మెరిసే మామూలు బోల్టు మీద ఉన్న జింకు పూత 5 నుంచి 8 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. ఇంటి లోపలికి అది చాలు. బయట ఉప్పుగాలిలో అది పోయాక లోపలి ఇనుము సిలుం పట్టడం మొదలవుతుంది. సిలుం అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, బెజ్జం చుట్టూ కాంక్రీటుని లోపల్నుంచి పగలగొడుతుంది. వేడి జింకులో ముంచిన హాట్ డిప్ పూత 45 మైక్రాన్లు, ఆ పైన ఉంటుంది. ఊళ్లో బయటి పనికి నేను దీనికంటే తక్కువ వాడను. సముద్రం కనిపించే ఇంటికి ఎస్.ఎస్. (స్టెయిన్‌లెస్ స్టీలు) 316 రకం. ఇందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుకి తట్టుకునేది దానివల్లే. 304 రకం కూడా మెరుస్తుంది కానీ సముద్రపు గాలికి గోధుమ రంగు చారలు పడుతుంది.

బజార్లో ఎస్.ఎస్. అని అమ్మేదాంట్లో 202 చాలా ఉంది. అయస్కాంతం పెట్టి చూసి, అంటుకోలేదు కాబట్టి మంచిదే అంటారు. 202, 304, 316 మూడూ అయస్కాంతానికి పెద్దగా అంటుకోవు, దాంతో తేల్చలేం. చుక్క వేసి చూసే కెమికల్ కిట్లు దొరుకుతున్నాయి, మేం రైలింగ్ పైపులకి వాడేది అదే. బోల్టులకి మాత్రం ప్యాకెట్ మీద ఏ4 అని రాసి ఉందో లేదో చూస్తాం. ఏ4 అంటే 316 రకం, ఏ2 అంటే 304 రకం.

స్టీలు రైలింగుకి మామూలు జింకు బోల్టు పెట్టి డబ్బు మిగిలిందనుకుంటారు. పెద్ద ఎస్.ఎస్. ప్లేటు మధ్యలో చిన్న జింకు బోల్టు, మీద ఉప్పునీటి తేమ. ఈ జతలో తినబడేది బోల్టే, అదీ మామూలుగా కంటే వేగంగా. పైన రైలింగ్ తళతళలాడుతూ ఉంటుంది, కింద మెడ దగ్గర బోల్టు సన్నబడిపోతూ ఉంటుంది. బయటికి కనిపించని ప్రమాదం కాబట్టి దీని గురించి నాకు ఎక్కువ టెన్షన్. ఎస్.ఎస్. ప్లేటుకి ఎస్.ఎస్. బోల్టే పెట్టండి. తిరగేసి, ఇనుప ప్లేటుకి ఎస్.ఎస్. బోల్టు పెట్టాల్సి వస్తే మధ్యలో నైలాన్ బుష్షు, వాషర్ వేసి ప్లేటుకి మంచి పెయింటు కొట్టండి. ఎస్.ఎస్. నట్లు బిగించేటప్పుడు మరకి గ్రీజు లాంటి యాంటీ సీజ్ పేస్టు రాయడం మర్చిపోవద్దు. మెషీన్‌తో వేగంగా తిప్పితే ఎస్.ఎస్. మీద ఎస్.ఎస్. కరుచుకుని పట్టేస్తుంది, ఆ తర్వాత కోసెయ్యడమే. చివరగా ప్లేటు అంచు చుట్టూ సీలెంట్ పెడితే బెజ్జంలోకి వాన దిగదు.

షెడ్ల గురించి ఒక మాట. 1996 నవంబర్ 6 తుపాను చూసినవాళ్లకి గాలి అంటే ఏంటో చెప్పక్కర్లేదు. మన తీరాన్ని గాలి బలాల లెక్కకి వాడే ప్రమాణం ఐఎస్ 875 సెకనుకి 50 మీటర్ల గాలి ప్రాంతంలో పెట్టింది, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ గాలి చదరపు మీటరు మీద పెట్టే ఒత్తిడి దాదాపు 150 కిలోలు. ఇరవై అడుగులు ముప్ఫై అడుగుల డాబా షెడ్డుకి మోటుగా లెక్కేసినా 8 టన్నుల దాకా పైకి లాగుతుంది. ఆరు స్తంభాలుంటే ఒక్కోదానికి 1,400 కిలోలు, నాలుగు బోల్టులకి పంచితే ఒక్కోదానికి 350. స్లాబు మందం ఐదంగుళాలే, దాని మీద వాటర్‌ప్రూఫ్ పొర వేరే. అందుకే స్తంభాల్ని స్లాబు మధ్యలో కాక కింద కాలమ్, బీము ఉన్నచోటికి జరపమని అడుగుతాను. ఇంటి ప్లాను చూపించమంటే కొందరు విసుక్కుంటారు. చూపించేదాకా బెజ్జం కొట్టను.

పొడి గురించి: తలపైన కొట్టేటప్పుడు బిట్టుకి ఒక రబ్బరు గిన్నె గుచ్చితే పొడి అందులో పడుతుంది. ముక్కుకి మంచి మాస్కు ఉండాలి, రుమాలు చాలదు. కాంక్రీటు పొడిలో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి వెళితే తిరిగి రాదు. మా కుర్రాళ్లకి మాస్కు లేకుండా మెషీన్ ఇవ్వను.

ఎక్కడ కొనాలని అడిగితే: బిట్లు, వెడ్జ్‌లు భీమవరం, రాజమండ్రి పెద్ద షాపుల్లో ప్యాకెట్ తెరవనివి దొరుకుతాయి. విడిగా సంచిలోంచి తీసి తూకానికి ఇచ్చేవి కొనకండి, ఏ కంపెనీదో, ఏ స్టీలో తెలీదు. కెమికల్ ట్యూబు మీద ఎక్స్‌పైరీ తేదీ తప్పకుండా చూడండి. చాలావాటిని 25 డిగ్రీల లోపు దాచమని రాసి ఉంటుంది. మే నెలలో రేకుల షాపులో అల్మరా మీద నెలల తరబడి ఎండిన ట్యూబు తేదీ మిగిలి ఉన్నా పనికిరాదు. మేం పని ఖాయమయ్యాకే కొంటాం, మిగిలినవి ఇంట్లో చల్లటి గదిలో పెడతాం. వేసవిలో రైలింగ్ పనులు పొద్దున్నే, స్లాబు కాలకముందే మొదలుపెడతాం.